శరణార్థులు రెండు నెలల్లో, ఖైదీలు రెండేళ్లకి

1971 నవంబర్ 15 నుంచి మన దేశంలో ఉత్తరం పోస్టు చేయాలంటే మామూలు స్టాంపు ఒక్కటే చాలేది కాదు, పక్కన ఇంకో ఐదు పైసల స్టాంపు అంటించాలి. మొదట్లో కొత్త స్టాంపు అచ్చు వేసే టైం కూడా లేక, అప్పటికే చలామణిలో ఉన్న కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే 'రెఫ్యూజీ రిలీఫ్' అని అడ్డంగా ముద్ర కొట్టి అమ్మేశారు. డిసెంబర్‌లో తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి వచ్చిన శరణార్థుల బొమ్మతో అసలు స్టాంపు వచ్చింది. అప్పటి రాష్ట్రపతి వి.వి.గిరి పేరు మీద వచ్చిన ఆర్డినెన్సులతో రైలు టికెట్ మీదా, విమానం టికెట్ మీదా కూడా ఇలాంటి పన్నే పడింది. తాతల కాలం నాటి ట్రంకు పెట్టెల్లో పాత కవర్లు ఎవరింట్లోనైనా మిగిలుంటే తీసి చూడండి, 1973 మార్చి దాకా వచ్చిన వాటి మీద ఆ ఐదు పైసల స్టాంపు కనిపిస్తుంది. రాజమండ్రి నుంచి కరీంనగర్‌కి పెళ్లి కబురు రాసినవాడు కూడా తెలిసో తెలియకో బెంగాల్ సరిహద్దులో ఒక గుప్పెడు బియ్యానికి డబ్బు కట్టాడన్నమాట.

1971 యుద్ధం గురించి మనకి బాగా తెలిసిన కథ పదమూడు రోజుల్లో ముగిసిపోతుంది. డిసెంబర్ 3న మొదలు, 16న ఢాకాలో సంతకం, అయిపోయింది. కానీ ఆ యుద్ధం ఇళ్లకి దూరంగా వదిలేసిన మనుషుల్ని ఎవరి చోటుకి వాళ్లని చేర్చే పని 1974 జులై దాకా సాగింది, నిజం చెప్పాలంటే ఇంకా పూర్తి కాలేదు. ఆ పనిని దగ్గరగా చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. దాదాపు కోటి మంది శరణార్థులు రెండు నెలల్లో వెనక్కి వెళ్లిపోయారు. అందులో వందో వంతు కూడా లేని యుద్ధఖైదీల్ని పంపడానికి రెండేళ్లు దాటింది. బీహారీలుగా పిలిచే ఉర్దూ మాట్లాడే జనంలో లక్షల మంది ఎక్కడికీ వెళ్లలేకపోయారు. డబ్బు, విమానాలు, బియ్యం, దుప్పట్లు వీటిలో ఏదీ ఈ తేడాకి అసలు కారణం కాదు. ఆ మనుషులు ఎవరికి కావాలి, కావాలన్నవాడికీ ఇవ్వాల్సినవాడికీ మధ్య మాటలు ఉన్నాయా లేవా, అంతా దాని చుట్టూనే తిరిగింది.

మొదటి నుంచి చూద్దాం. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం విరుచుకుపడ్డాక సరిహద్దు దాటి జనం రావడం మొదలైంది. ఏప్రిల్ 23న ఐక్యరాజ్యసమితిలో మన ప్రతినిధి సమర్ సేన్ సాయం అడిగారు. వారం తిరక్కుండానే ఐరాస ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ శరణార్థుల హైకమిషనర్ ఆఫీసుని 'ఫోకల్ పాయింట్'గా ప్రకటించారు. పేరు గంభీరంగా ఉంది గానీ అప్పటిదాకా అలాంటిది ఒకటి లేదు. యూనిసెఫ్ పాలపొడి ఇస్తుంది, ప్రపంచ ఆహార కార్యక్రమం తిండిగింజలు ఇస్తుంది, ఆరోగ్య సంస్థ టీకాలు ఇస్తుంది, రెడ్‌క్రాస్ సంఘాలు ఇంకేవో ఇస్తాయి, వీళ్లంతా తలా ఒక పక్క నుంచి ఢిల్లీ తలుపు కొట్టకుండా అడిగేది ఒకచోట, తెచ్చేది ఒకచోట, లెక్క రాసేది ఒకచోట ఉండాలని పెట్టిన ఏర్పాటు అది. జెనీవాలో హైకమిషనర్ సద్రుద్దీన్ అగా ఖాన్, ఢిల్లీలో ఆయన ఆఫీసు, ఇటువైపు మన పునరావాస శాఖ. ఈ అమరిక తర్వాతి కాలంలో ప్రపంచంలో ఎన్నో చోట్ల వాడుకున్న అచ్చు అయింది.

ఇక్కడ ఒక సంగతి చాలామంది గమనించరు. క్యాంపుల్ని నడిపింది ఐరాస కాదు, భారత ప్రభుత్వమే. డబ్బు ఇవ్వండి, సరుకు ఇవ్వండి, క్యాంపులు మేం చూసుకుంటాం అన్నది ఢిల్లీ మాట. విదేశీ వాలంటీర్లని క్యాంపుల నుంచి వెళ్లిపొమ్మని కూడా మధ్యలో చెప్పేశారు. సరిహద్దుకి రెండు వైపులా ఐరాస మనుషుల్ని పెడదామన్న ఊ థాంట్ ప్రతిపాదనని అసలు ఒప్పుకోలేదు. ఇది మొండితనంలా కనిపించొచ్చు, కొంత అదే కూడా. కానీ లెక్క వేరే. పరిశీలకులు సరిహద్దులో కూర్చుంటే గొడవ 'భారత్-పాకిస్తాన్ తగాదా' అయిపోతుంది, జనం పారిపోవడానికి కారణమైన ఢాకా మారణకాండ పక్కకి పోతుంది, పైగా పాకిస్తాన్ సైన్యంతో పోరాడే బెంగాలీ దళం ముక్తి బాహినికి చేస్తున్న సాయం కూడా వాళ్ల కంట్లో పడుతుంది. అందుకే ఢిల్లీ మొదటి రోజు నుంచీ ఒకే పాట పాడింది: వీళ్లు వెనక్కి వెళ్లాల్సినవాళ్లు, ఇక్కడ స్థిరపడేవాళ్లు కాదు.

అలా అనడానికి అనుభవం ఉంది. దేశ విభజన నుంచీ తూర్పు పాకిస్తాన్ నుంచి హిందూ కుటుంబాలు విడతలు విడతలుగా వస్తూనే ఉన్నాయి, వచ్చినవాళ్లని దండకారణ్యం దాకా పంపి భూములు ఇచ్చారు. మన కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాం, నజ్రుల్ నగర్ వైపు వెళితే ఇప్పటికీ బెంగాలీ మాటలు వినిపిస్తాయి, చేపల కూర వాసన మారుతుంది. వాళ్లు అలా వచ్చినవాళ్లే. మన పేపర్లలో అలాంటివాళ్లని 'కాందిశీకులు' అనేవారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఎలా వచ్చిందో తెలిసినవాళ్లకి ఆ మాట కొత్త కాదు. 1971లో వచ్చినవాళ్లని మాత్రం అలా కలిపేసుకునే ఉద్దేశం ప్రభుత్వానికి ఏ రోజూ లేదు, ఆ సంఖ్యకి అది సాధ్యమయ్యే పనీ కాదు.

సంఖ్య అంటే ఎంత? డిసెంబర్ మధ్యకి ప్రభుత్వ లెక్క 98,99,305. అందులో 68 లక్షల మంది 825 క్యాంపుల్లో, మిగతావాళ్లు చుట్టాల దగ్గరా తెలిసినవాళ్ల దగ్గరా. ఒక్క పశ్చిమ బెంగాల్‌లోనే 75 లక్షల దాకా. కానీ అసలు బరువు తెలియాలంటే త్రిపుర చూడాలి, 1971 జనాభా లెక్కల్లో రాష్ట్రం మొత్తం 15 లక్షల 56 వేల మంది ఉంటే, వచ్చిన శరణార్థులు 14 లక్షలు. ఊళ్లో ప్రతి మనిషికీ దాదాపు ఒక అతిథి. స్కూళ్లన్నీ క్యాంపులయ్యాయి. కలకత్తా సాల్ట్ లేక్‌లో డ్రైనేజీ కోసం తెచ్చిపెట్టిన సిమెంటు గొట్టాల్లో కుటుంబాలు కాపురం పెట్టాయి, గొట్టానికి రెండు వైపులా గోనెపట్టా కట్టుకుంటే అదే ఇల్లు. బెంగాల్ మీద ఒత్తిడి తగ్గించడానికి కొందర్ని రైళ్లలో రాయ్‌పూర్ దగ్గరి మానా క్యాంపు దాకా తరలించారు.

జూన్‌లో కలరా వచ్చింది, ఈ భాగం దగ్గర కాస్త ఆగాలి. పెద్ద పెద్ద విమానాల్లో టీకాలు, సెలైన్ సీసాలు దిగుతున్నాయి, పేపర్లలో ఫోటోలు వస్తున్నాయి. బంగావ్ సరిహద్దు ఆసుపత్రిలో మాత్రం పరిస్థితి వేరు. జూన్ చివర్లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ అక్కడికి వెళ్లేసరికి రెండు గదుల్లో రోగులు నేల మీదే పడి ఉన్నారు, వాళ్లకి సెలైన్ పెట్టాలంటే వాంతుల్లో, విరేచనాల్లో మోకాళ్ల మీద కూర్చోవాలి. కూర్చోడానికైనా సిద్ధమే, కానీ ఉన్న సెలైన్ ఎన్ని రోజులు వస్తుంది? ఆయన చేసిన పని ఇప్పుడు వింటే చాలా మామూలుగా అనిపిస్తుంది. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. కలకత్తాలో వాళ్ల పరిశోధన కేంద్రం లైబ్రరీ గదిలో వీటిని తూచి పాలిథిన్ సంచుల్లో పోసి, ఇస్త్రీ పెట్టెతో అంచులు అతికించి, బంగావ్‌కి పంపారు. అక్కడ కుళాయి బిగించిన డ్రమ్ముల్లో కలిపి ఉంచితే రోగి తల్లో, అన్నో, పక్కవాడో కప్పుతో పట్టి తాగించేవారు. సెలైన్ అంటేనే మందు అని జనానికి నమ్మకం కాబట్టి దీనికి 'ఓరల్ సెలైన్' అని పేరు పెట్టారు, లేకపోతే ఉప్పునీళ్లు ఇచ్చి సరిపెడుతున్నారని అనుకునేవాళ్లు. మరణాల శాతం ముప్పై నుంచి 3.6కి పడింది. మెడికల్ షాపులో మనం కొనే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ వాడకానికి తొలి పెద్ద పరీక్ష అదే. మహలనబిస్ పోయాక 2023లో పద్మ విభూషణ్ ఇచ్చారు, యాభై ఏళ్లు ఆలస్యంగా.

సహాయ సమన్వయం అనే మాట వింటే మనకి కళ్లముందు పెద్ద మీటింగు, పొడవాటి టేబులు వస్తాయి. బంగావ్ దగ్గర టేబుల్ లేదు, నాలుగు డ్రమ్ములున్నాయి. అలాగని జెనీవా ఆఫీసు దండగ అని కాదు. ఐరాస ద్వారా 18 కోట్ల డాలర్లకి పైగా వచ్చింది, ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. కానీ ఖర్చులో పెద్ద భాగం మన ఖజానాయే మోసింది, అందుకే ఆ ఐదు పైసలు.

ఇప్పుడు తిరుగు ప్రయాణం. డిసెంబర్ 16 తర్వాత కొందరు ఎవరూ చెప్పకముందే బయల్దేరిపోయారు. జనవరి 1 నుంచి ప్రభుత్వ ఏర్పాటుతో పంపడం మొదలైంది. ఆ నెలలో సగటున రోజుకి 2 లక్షల 10 వేల మంది సరిహద్దు దాటారు. ఈ అంకె ఒకసారి మళ్లీ చదవండి. రోజూ ఒక జిల్లా కేంద్రం లేచి నడుచుకుంటూ వెళ్లిపోయినట్టు లెక్క. రైలు, లారీ, ఎడ్లబండి, పడవ, సైకిలు, ఎక్కువగా కాలినడక. దారి ఖర్చుకి తిండి, రెండు వారాల రేషన్ చేతిలో పెట్టి పంపించారు. ఫిబ్రవరి చివరికి 90 లక్షలు దాటాయి, మార్చి 25 నాటికి, అంటే సరిగ్గా ఏడాదికి, ఇంకా మిగిలింది 60 వేలని ప్రభుత్వం చెప్పింది.

ఎందుకంత తేలిగ్గా అయింది? అందరికీ అదే కావాలి కాబట్టి. శరణార్థికి తన ఊరు కావాలి, పైగా బోరో వరి నాట్లు పడే కాలం. కొత్తగా పుట్టిన బంగ్లాదేశ్‌కి తన జనం కావాలి. భారత్‌కి క్యాంపులు ఖాళీ కావాలి, ఫిబ్రవరి తర్వాత ఉండనిచ్చేది లేదని ముందే చెప్పేసింది కూడా. మధ్యలో ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఎవరి గుర్తింపూ అక్కర్లేదు, నేల మీద గీసిన గీత దాటితే చాలు. అవతల వాళ్లకి దొరికింది కాలిపోయిన ఇళ్లు, కూలిన వంతెనలు, మందుపాతరలు నిండిన చిట్టగాంగ్ రేవు, అది వేరే కథ. ఆ రేవుని సోవియట్ నౌకాదళం వచ్చి శుభ్రం చేయాల్సి వచ్చింది.

యుద్ధఖైదీల సంగతి దీనికి తిరగేసిన బొమ్మ. 93 వేల మంది అన్న అంకె మనకి నోటికి వచ్చు. వాట్సాప్ ఫార్వర్డుల్లో 93 వేల మంది సైనికులు అని తిరుగుతుంటుంది, అది సరి కాదు. యూనిఫాంలో ఉన్నవాళ్లు సుమారు 80 వేలు, మిగతావాళ్లు పౌర ఉద్యోగులు, ఆడవాళ్లు, పిల్లలు. ఢాకాలో వదిలేస్తే జనం ఊరుకోరన్న భయం ఉంది, లొంగుబాటు పత్రంలో జెనీవా ఒప్పందాల ప్రకారం చూస్తామని మాట ఇచ్చారు, కాబట్టి వాళ్లని రైళ్లలో ఇటువైపు తెచ్చి రాంచీ, మీరట్, ఆగ్రా, బరేలీ లాంటి చోట్ల క్యాంపుల్లో పెట్టారు. ఢాకాలో లొంగిపోయిన పాకిస్తాన్ సేనాని జనరల్ నియాజీ జబల్‌పూర్‌లో.

జెనీవా మూడో ఒప్పందం ఖైదీ గురించి రాసిన నిబంధనలు చదివితే ఎవరో ఇల్లాలు కూర్చుని ఇంటి పద్దు రాసినట్టు ఉంటుంది. క్యాంపుకి చేరిన వారంలోపు ఖైదీ తన చేత్తో ఒక కార్డు నింపాలి, అది ఒకటి ఇంటికి, ఒకటి జెనీవాలో ఖైదీల వివరాలు దాచే ఏజెన్సీకి వెళ్లాలి. నెలకి తక్కువలో తక్కువ రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకోనివ్వాలి. నెల జీతం అడ్వాన్సు స్విస్ ఫ్రాంకుల్లో లెక్క: సార్జెంటు కన్నా కింది సిపాయికి 8, జనరల్‌కి 75. రెడ్‌క్రాస్ ప్రతినిధి వచ్చినప్పుడు పక్కన కాపలావాడు లేకుండా ఖైదీతో మాట్లాడనివ్వాలి. ఆ కార్డు విలువ లాహోర్‌లోనో, జీలం జిల్లా పల్లెలోనో ఇంట్లో కూర్చున్న ఆడవాళ్లకి తెలుసు. అది వచ్చేదాకా మనిషి ఉన్నాడో లేడో తెలియదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ఏజెన్సీ దగ్గర 70 లక్షల కార్డులు పోగయ్యాయి, ఆ అలవాటు అక్కడి నుంచి వచ్చిందే.

ఇదే ఒప్పందంలో 118వ అధికరణ ఉంది. చురుకైన పోరాటం ఆగిన తర్వాత ఖైదీల్ని ఆలస్యం లేకుండా వదిలేసి ఇంటికి పంపాలి. శాంతి ఒప్పందం కుదిరాక అని లేదు, పోరాటం ఆగాక అనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఏళ్ల తరబడి ఖైదీల్ని పనుల్లో పెట్టుకున్నారు కాబట్టి 1949లో కావాలనే అలా రాశారు. పోరాటం 1971 డిసెంబర్ 17న ఆగింది. ఆ ఒక్క వాక్యం చూస్తే భారత్ పక్షాన గట్టి వాదన లేదు, దీన్ని మనవాళ్లు రాసేటప్పుడు తరచుగా దాటవేస్తారు. ఢిల్లీ చెప్పిన కారణం ఏంటంటే, తూర్పున పాకిస్తాన్ సైన్యం లొంగింది ఒక్క భారత్‌కి కాదు, భారత్-బంగ్లాదేశ్ ఉమ్మడి కమాండ్‌కి, కాబట్టి బంగ్లాదేశ్ ఒప్పుకోకుండా వదలడం కుదరదు అని. కాగితం మీద అది అబద్ధం కాదు. కానీ ఆ ఖైదీలు బేరంలో పేకముక్కలయ్యారన్నదీ అబద్ధం కాదు.

ముడి ఎలా పడిందో చూడండి. పాకిస్తాన్‌కి ఖైదీలు కావాలి, కానీ బంగ్లాదేశ్ అనే దేశం ఉందని ఒప్పుకోదు. బంగ్లాదేశ్‌కి గుర్తింపు కావాలి, నరమేధం చేసిన అధికారుల మీద విచారణా కావాలి, దానికి మొదట పెద్ద జాబితా వేసి చివరికి 195 మందికి కుదించింది. బంగ్లాదేశ్ నాయకుడు ముజీబ్ 1972 జనవరిలో పాకిస్తాన్ జైలు నుంచి బయటికొచ్చాడు గానీ లక్షల మంది బెంగాలీలు ఇంకా పశ్చిమ పాకిస్తాన్‌లోనే చిక్కుకుపోయి ఉన్నారు. గుమస్తాలు, సైనికులు, నావికులు, వాళ్ల కుటుంబాలు. ఉద్యోగాలు పోయాయి, సైనికుల్ని క్యాంపుల్లో పెట్టారు. కొందరు స్మగ్లర్లకి డబ్బిచ్చి కొండలు దాటి కాబూల్ చేరి, అక్కడి నుంచి ఢిల్లీ మీదుగా ఢాకా వెళ్లారు. ఇక ఢాకాలో బీహారీలు. యుద్ధంలో ఎక్కువమంది పాకిస్తాన్ పక్షం ఉన్నారన్న కోపంతో వాళ్ల ఇళ్లు పోయాయి, ప్రాణాలూ పోయాయి. మూడు దేశాల్లో మూడు గుంపులు, ఎవడి చేతిలో ఎవడి మనుషులో లెక్క వేస్తే తల తిరుగుతుంది. అందులో ఇద్దరికి మాటల్లేవు. పాకిస్తాన్ కోసం చైనా 1972 ఆగస్టులో బంగ్లాదేశ్ ఐరాస సభ్యత్వాన్ని వీటో చేసింది, అంటే ఐరాస హాల్లో కూడా ఎదురుపడే వీల్లేదు. భారత్, పాకిస్తాన్ మధ్య కూడా రాయబారులు లేరు, ఒకరి వ్యవహారాలు ఇంకొకరి దేశంలో స్విట్జర్లాండ్ చూసేది.

అసలు అడ్డం మూడోవాడైన బంగ్లాదేశ్ దగ్గరే అని ఎలా చెప్పగలం? పశ్చిమ సరిహద్దులో పట్టుబడ్డవాళ్ల కథ చూస్తే తెలుస్తుంది. అక్కడ పాకిస్తాన్ దగ్గర ఆరొందల పైచిలుకు మనవాళ్లు, మన దగ్గర ఐదొందల పైచిలుకు వాళ్లవాళ్లు. అది ఇద్దరి మధ్య వ్యవహారం, బంగ్లాదేశ్‌తో పని లేదు. భారత్, పాకిస్తాన్ మధ్య సిమ్లా ఒప్పందం జరిగిన ఐదు నెలలకి, 1972 డిసెంబర్ 1న వాఘా దగ్గర మార్చేసుకున్నారు. (అందులో రాని మనవాళ్లు 54 మంది ఉన్నారన్న వాదన, వాళ్ల కుటుంబాల ఎదురుచూపు వేరే బాధ.) తూర్పు ఖైదీల విషయంలో మాత్రం సిమ్లా పత్రం ఇంకోసారి కలిసి మాట్లాడుకుంటాం అని రాసి ఊరుకుంది.

దారి దొరికింది 1973లో. ఏప్రిల్ 17న భారత్, బంగ్లాదేశ్ కలిసి ఒక ప్రకటన చేశాయి: రాజకీయ గుర్తింపు సంగతి పక్కన పెట్టి, మూడు గుంపుల్నీ ఒకేసారి కదుపుదాం, ఆ 195 మంది తప్ప. పాకిస్తాన్ మేలో అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది, తర్వాత అదే కేసు వెనక్కి తీసుకుంది. ఆగస్టు 28న ఢిల్లీలో భారత్ తరఫున పి.ఎన్.హక్సర్, పాకిస్తాన్ తరఫున అజీజ్ అహ్మద్ సంతకాలు పెట్టారు. ఒప్పందంలో సగం విషయాలు బంగ్లాదేశ్‌వి, సంతకాల్లో మాత్రం బంగ్లాదేశ్ లేదు. బంగ్లాదేశ్ సమ్మతితోనే భారత్ మాట్లాడుతోంది అనుకుంటూ పాకిస్తాన్ తనకి కనిపించని దేశంతో వ్యవహారం నడిపింది. మన ఇళ్లలో మాటల్లేని ఇద్దరు అన్నదమ్ములు పక్కనున్న పిల్లాడితో 'మీ బాబాయికి చెప్పు' అని కబురు చేయించుకుంటారే, సరిగ్గా అదే. నవ్వొచ్చినా సరే, పనైంది.

సెప్టెంబర్ 19న కదలిక మొదలైంది. ఖైదీలవి రైళ్లు, క్యాంపు నుంచి అటారీ, అక్కడ రెడ్‌క్రాస్ సమక్షంలో జాబితా ప్రకారం లెక్క, వాఘా గేటు. వాళ్లని భూమి మీద పంపొచ్చు. కానీ కరాచీలోని బెంగాలీని ఢాకాకి, ఢాకాలోని బీహారీని లాహోర్‌కి పంపడం ఎలా? మధ్యలో ఉన్నది మన ఆకాశం, 'గంగా' అనే మన విమానం హైజాక్ అయ్యాక 1971 ఫిబ్రవరిలో పాకిస్తాన్ విమానాలకి మూసేసిన ఆకాశం. దానికి తోడు ఒకరి దేశాన్ని ఇంకొకరు గుర్తించకపోతే ఒకరి విమానం ఇంకొకరి రన్‌వే మీద దిగదు. అందుకే మళ్లీ శరణార్థుల హైకమిషనర్ ఆఫీసు రంగంలోకి వచ్చింది. బ్రిటిష్, సోవియట్, తూర్పు జర్మనీ విమానాలు, మీద ఐరాస పేరు. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజుల్లో అటువైపువీ ఇటువైపువీ ఒకే పనికి ఎగిరాయి. వెళ్లిన విమానం ఖాళీగా తిరిగి రాలేదు, ఢాకాలో బెంగాలీల్ని దించి బీహారీల్ని ఎక్కించుకుంది. 1974 జులై 1 నాటికి సుమారు 2 లక్షల 31 వేల మంది అలా చేరారు: 1 లక్షా 16 వేల మంది బెంగాలీలు తూర్పుకి, 1 లక్షా 4 వేల మంది పశ్చిమానికి, నేపాల్ పారిపోయి అక్కడ ఇరుక్కున్న 11 వేల మంది పాకిస్తాన్‌కి.

అప్పటి రికార్డుల్లో ఇది చరిత్రలోనే పెద్ద విమాన తరలింపుల్లో ఒకటి అని గొప్పగా రాసుకున్నారు, రాసుకోవచ్చు కూడా. విమానాలకంటే కష్టమైనది మాత్రం జాబితా. ఎవరు వెళ్లడానికి అర్హులు, ఆ మాట ఎవరు ఖాయం చేస్తారు, రెండు వైపుల జాబితాల్లో ఒకే పేరుకి రెండు స్పెల్లింగులు ఉంటే ఏది నిజం, పెళ్లయి ఇంటిపేరు మారిన ఆడపిల్ల ఏ కుటుంబం కిందకి వస్తుంది. ఆధార్ కార్డులో ఒక అక్షరం తప్పుంటే మనం ఎన్ని ఆఫీసులు తిరుగుతామో తెలిసినవాళ్లకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది.

మిగిలింది 195. 1974 ఫిబ్రవరి 22న లాహోర్ ఇస్లామిక్ శిఖరాగ్ర సభ రోజు పాకిస్తాన్ ప్రధాని భుట్టో బంగ్లాదేశ్‌ని గుర్తించాడు. ఏప్రిల్ 9న ఢిల్లీలో తొలిసారి మూడు దేశాల మంత్రులు ఒకే కాగితం మీద సంతకం చేశారు: మన స్వరణ్ సింగ్, బంగ్లాదేశ్ నుంచి కమాల్ హుస్సేన్, పాకిస్తాన్ నుంచి అజీజ్ అహ్మద్. విచారణ ఉండదని తేలింది, 195 మందీ మిగతావాళ్లతో ఇంటికి వెళ్లారు. బంగ్లాదేశ్‌లో ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. న్యాయం వదులుకుని మనుషుల్ని తెచ్చుకున్న బేరం అది, అప్పటి ముజీబ్ ప్రభుత్వానికి ఇంకో దారి ఉందని చెప్పడం మాత్రం కష్టం. ఏప్రిల్ 30న నియాజీ వాఘా దాటాడు, ఖైదీల్లో చివరివాడు.

బీహారీల సంగతికి వస్తే, పాకిస్తాన్ వెళ్తామని రెడ్‌క్రాస్ దగ్గర పేరు రాయించుకున్నవాళ్లు ఐదు లక్షల పైమాటే. పాకిస్తాన్ పెట్టిన జల్లెడ కన్నాలు చిన్నవి: పుట్టి పెరిగింది పశ్చిమ పాకిస్తాన్‌లో అయితే సరే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే సరే, కుటుంబం రెండుగా చీలి ఉంటే సరే, ఇవేవీ కాని మరీ కష్టంలో ఉన్నవాళ్లు ఓ 25 వేల మంది. మిగతావాళ్లు? పాకిస్తాన్‌ని సమర్థించారని బంగ్లాదేశ్‌కి అక్కర్లేదు. సింధ్‌లో భారత్ నుంచి వలస వెళ్లిన ముహాజిర్ల గొడవ చాలు, ఇంకా ఎందుకు అని పాకిస్తాన్‌కి అక్కర్లేదు. భారత్ నుంచి 1947లో వెళ్లిపోయినవాళ్లు, ఇక్కడ అడిగేవాడే లేడు. శరణార్థుల్ని పంపడంలో, ఖైదీల్ని పంపడంలో పనిచేసిన ఆఫీసులే, అవే విమానాలే, అవే నిబంధనలే ఇక్కడా ఉన్నాయి. అవతల గేటు దగ్గర చేయి చాచేవాడు లేకపోయేసరికి పని ఆగిపోయింది.

ఢాకా మొహమ్మద్‌పూర్‌లో వాళ్లు ఉండే పెద్ద బస్తీ పేరు 'జెనీవా క్యాంపు'. జెనీవా రెడ్‌క్రాస్ వాళ్లు పెట్టిన తాత్కాలిక క్యాంపు కాబట్టి ఆ పేరు. ఎనిమిదడుగుల గదులు ఒకదాని మీద ఒకటి లేచాయి, కింద గదిలో తాత, పైన కొడుకు, ఆ పైన మనవడు. సాయంత్రమైతే ఢాకా జనం కబాబుల కోసం ఆ వీధిలో నిలబడతారు. 2008లో ఢాకా హైకోర్టు వీళ్లు బంగ్లాదేశ్ పౌరులేనని, ఓటు హక్కు, గుర్తింపు కార్డు ఇవ్వాలని తీర్పు చెప్పింది. కార్డులు వచ్చాయి. పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టినప్పుడు మాత్రం అడ్రస్ దగ్గర 'జెనీవా క్యాంపు' అని రాస్తే పక్కన పెట్టేస్తున్నారని, అందుకే బయట తెలిసినవాళ్ల ఇంటి నంబరు రాస్తున్నామని అక్కడి కుర్రాళ్లు చెబుతుంటారు.